తొమ్మిదో మొల మీది బిళ్ల

కరీంనగర్ బస్టాండు ఎనుకున్న నెట్ సెంటర్ల హాల్ టికెట్ నంబరు కొట్టి, ఊపిరి బిగవట్టి తెర దిక్కు చూసుకుంట కూసున్న గడియల్నే కరెంటు పోయింది. పోంగనె గోడ కాడి ఇన్వర్టర్ గుయ్‌మని మొదలువెట్టింది, దాని కింద వరుసగ పెట్టిన బ్యాటరీల నుంచి పుల్లటి వాసన, ముక్కుల గుచ్చుకునే యాసిడ్ వాసన వచ్చింది, గా వాసనకు నా చెయ్యి మౌసు మీదనే ఆగిపోయింది. అది మా బాపు అంగి వాసన.

కంప్యూటర్ బందు కాలే. తెర మీద నా పేరొచ్చింది, పేరు పక్కన ఫస్టు క్లాసు అని వచ్చింది. మా బాపు తరఫున గానీ అవ్వ తరఫున గానీ నాకన్న ముందు డిగ్రీ దాకా వచ్చిన మనిషి ఎవలు లేరు, అందుకని లేచి నిలవడ్డ, మళ్ల కూసున్న, మళ్ల లేసిన, నెట్ సెంటర్ పిలగానికి చెప్పిన, బయట జామపండ్లమ్మే ముసలవ్వకు చెప్పిన, ఆమె రెండు పండ్లు ఊకెనే నా చేతిల వెట్టింది. తెలంగాణ వచ్చి ఇంకా నెల తిరుగలే, బస్టాండుల కట్టిన తోరణాలు సగం తెగి సగం ఊగుతున్నయ్, నాకేమో అవన్ని నా రిజల్ట్ కోసమే కట్టినట్టు అనిపిస్తున్నది. ఇంటికి ఫోన్ కొడుతుంటె కలుస్తలేదు. గోదావరిఖని బస్సు గంటకు గాని లేదట. ఒక్కతాన నిమ్మలంగ కూసుందామంటె కాళ్లు ఊకుంటలేవు, గా వాసన ముక్కుల నుంచి పోతలేదు. అందుకని నోటుబుక్కు తీసి, గీ సిమెంటు బెంచి మీద కూసోని, మా బాపు ముచ్చట రాస్తున్న.

మా బాపుకు రెండు పేర్లుండె. బాయి హాజరు మస్టర్ల కొమురయ్య, చర్చిల యాకోబు. మా క్వార్టర్ల లైన్ల మాత్రం అందరు ప్రశ్నల కొమురన్న అనెటోళ్లు. చదివింది ఏడో తరగతి, పని బొగ్గు బాయి ల్యాంపు రూంల. లోపలికి దిగే మనిషి టోపీకి పెట్టుకునే లైట్లు, నడుముకు కట్టుకునే బ్యాటరీలు, గవన్నిటికి చార్జింగ్ వెట్టుడు, అండ్ల యాసిడ్ నీళ్లు చూసుడు, షిఫ్టు షిఫ్టుకు మనిషి మనిషికి ఇచ్చుడు, మళ్ల తీసుకునుడు, ఇదీ ఆయన డ్యూటీ. గందుకే ఆయన అంగీలన్నిటికి పొట్ట కాడ సన్నసన్న బొక్కలుండేటియి, మా అవ్వ రెండు కుడితె ఇంకో నాలుగు పడేటియి, పొద్దుగాల ఎండకు ఎదురుంగ నిలవడితె గా అంగి నుంచి చుక్కలు చుక్కలుగ ఎలుగు కనవడేది.

ల్యాంపు రూంల ఒక రివాజు ఉండె. బాయిల పనిజేసే ప్రతి మనిషికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటది. లోపలికి పొయ్యేటప్పుడు బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటడు, బాపు గా బిళ్లను గోడకున్న మొలల పలక మీద తగిలిస్తడు. పైకొచ్చినంక లైటు అప్పజెప్పి బిళ్ల తీస్కపోతడు. అంటె మొల మీద బిళ్ల ఉన్నదంటె మనిషి ఇంకా భూమి లోపల్నే ఉన్నడన్నట్టు. షిఫ్టు అయిపోయినా సరే, పలక మీద బిళ్ల ఒక్కటి మిగిలినా సరే, బాపు ఇంటికొచ్చుడు లేదు. అన్నం సల్లారిపోయిందని అవ్వ లొల్లి జేస్తె ఆయనది ఒక్కటే మాట, "పలక ఖాళీ గాందే నేనెట్ల తింటనే?"

మా క్వార్టరు పక్క క్వార్టరు మల్లయ్య పెద్దబాపుది. ఆయన భార్య రాజవ్వ పెద్దమ్మ. వాళ్లకు పిల్లలు లేరు, అందుకని నేను సగం వాళ్ల పిల్లనే. పొద్దుగాల ఇంటింటికి బొగ్గుపొయ్యి బయటవెట్టి రాజేస్తె లైనంత పొగ కమ్మి, బడికి పొయ్యే పిల్లలు గా పొగల నుంచి ఒక్కొక్కలే తేలి వచ్చినట్టు కనవడేటోళ్లు, దండెం మీద ఆరేసిన తెల్ల అంగి మాపటికి బూడిద రంగుకు తిరిగేది, పగటీలి ఓపెన్ కాస్టు బాయిల బ్లాస్టింగ్ చేస్తె గూట్ల గిన్నెలు గలగలమనేటియి, అవ్వ గడియారం చూడకుంటనే బువ్వయాళ్లయింది అనేది. బతుకమ్మకు అవ్వ, రాజవ్వ పెద్దమ్మ కలిసే తంగేడు పువ్వు తెంపకవస్తుండె, పెద్దమ్మ ఆడుతుండె, అవ్వ మాత్రం చర్చోళ్లు చూస్తరని జర దూరం నిలవడి చప్పట్లు కొడుతుండె. క్రిస్మస్‌కు మా ఇంట్ల బగారన్నం, కోడికూర, గరిజెలు. ఎదురు బద్దలకు పతంగి కాయితం అంటిచ్చి చుక్క చేసేది బాపు, గాని రేకుల మీదికి ఎక్కాలంటె ఆయనకు బుగులు, అందుకని ప్రతి ఏడు గా చుక్కను కట్టేది మల్లయ్య పెద్దబాపే. కట్టి పైనుంచి, "కొమురయ్యా, నీ దేవుడు పుట్టినట్టేనా, ఇగ దిగాల్నా?" అనెటోడు. సమ్మక్క జాతర కాడికి పొయ్యొస్తె బంగారం అని బెల్లం తెచ్చి మా ఇంట్ల సుత పెట్టేటోడు. తినద్దని చర్చిల చెప్పిన్రు, మేం తిన్నం.

పెద్దబాపుది లోపల కప్పు కూలకుంట దిమ్మెలు నిలవెట్టే పని. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు ఒకనాడు పొద్దుటి షిఫ్టుకు పోయిన మనిషి పైకి రాలే. ఆయన నిలవెట్టిన కాడ కాదు, జర అవుతల కూలిందట. మట్టి తీసుడు రెండొద్దులు పట్టింది. గా రెండొద్దులు రాజవ్వ పెద్దమ్మ ల్యాంపు రూం కిటికీ ముందట కింద కూసున్నది, బాపు లోపల స్టూలు మీద కూసున్నడు, ఆమె తిన్లే, ఈయన తిన్లే. గడియకోసారి లేచి, "వచ్చిండా కొమురయ్యా?" అని అడిగేదట. బాపు పలక దిక్కు చూసి, "ఇంకా రాలే వదినె" అనెటోడట. మూడో నాడు గా బిళ్ల బాపే తీసిండు. ఇంటికొచ్చినంక ఆ చెయ్యి మళ్ల మళ్ల కడుక్కుంటనే ఉన్నడని అవ్వ ఇప్పటికీ చెప్తది.

అప్పటిదాక బాపు చర్చిల లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పి కూసుండెటోడు. గా ఏడు సంది ఆయనకు కుదురు లేకుంటయింది. యూనియన్ ఆఫీసు లైబ్రరీల పుస్తకాలు తెచ్చుడు, పాత మస్టర్ కాయితాల ఎనుక పక్క రాసుకునుడు, పెరట్ల గుమ్మడి తీగ ముందట నిలవడి చేతులు తిప్పుకుంట మాట్లాడుడు. బయటి నుంచి వచ్చే ప్రసంగీకులను చూసి చూసి ఆయనకు ఒకటి అనిపించిందట, మైకు పట్టుకున్నోడు అడగనియ్యడు, అడగాల్సినోనికి మైకుండది. అందుకని ప్రతి ప్లేడే నాడు, అంటె బాయికి సెలవుండే ఆదివారం నాడు, పొద్దుమీకె నీళ్ల ట్యాంకు కాడి మైదానంల ఒక మీటింగు మొదలువెట్టిండు. ప్రసంగం లేదు, పాటల్లేవు. దేవుని గురించి ఎవలైనా ఏమన్న అడగొచ్చు, ఆయన జవాబు చెప్తడు. అంతే.

దానికి గూడ ల్యాంపు రూం రివాజే వెట్టిండు. చెక్కకు పన్నెండు మొలలు కొట్టిండు, రంగు డబ్బాల మూతలు గుండ్రంగ కోసి, మొలతోటి నంబర్లు పొడిచి పన్నెండు బిళ్లలు చేసిండు. అడిగిన దానికి జవాబొస్తె అప్పుడే చెప్తడు. రాకుంటె ఒక బిళ్ల తీసి మొలకు తగిలిచ్చి, "ఇది లోపలున్నది, పైకొచ్చినంక చెప్త" అంటడు. జవాబు దొరికిన నాడు అందరి ముందట గా బిళ్ల తీస్తడు. జనం నవ్విన్రు మొదట్ల. తర్వాత తర్వాత జవాబుల కన్న బిళ్లలు చూడనీకే ఎక్కువ మంది రాబట్టిన్రు.

మైకు పెట్టేది శంకర్ బావ. బాయిల ఎలక్ట్రీషను, ఎర్రజెండా మనిషి, దేవుడంటె ఒంటికాలి మీద లేస్తడు. పైస తీసుకోకుంట మైకు ఎందుకు పెడుతున్నవ్ అంటె, మా మామ ఓడిపొయ్యేది అందరికి ఇనవడాలె గద అనెటోడు. ఒకనాడు గా మైకులనే అడిగిండు, "కనవడనిదాన్ని ఎట్ల నమ్మాలె మామా?"

"బాయిల గ్యాసు కనవడ్తదా శంకర్? నమ్ముతలేవా?"

"గ్యాసుకు మీటరున్నది. నీ దేవుని మీటరు యాడున్నదే?"

మైదానమంత నవ్వింది. బాపు సుత నవ్వి, బిళ్ల తగిలిచ్చిండు. రెండు వారాలు ఆయన సైకిల్ మీద పోతున్నా, పొయ్యి కాడ కూసున్నా గదే గొణుగుడు. మూడో ఆదివారం బిళ్ల తీసి చెప్పిండు, "మీటరు నువ్వే శంకర్. ఎవలికన్న అన్యాలమైతె నీ కడుపుల ఒకటి మోగుతది, నీ ఇంటోళ్లు కాకున్నా మోగుతది. అది దేన్ని చూసి మోగుతున్నదో నువ్వు చెప్పు." శంకర్ బావ నెత్తి గోక్కొని, నాకో బిళ్ల ఇయ్యి మామా, నేను గూడ తగిలిచ్చుకుంట అన్నడు. గసుంటి మీటింగు అది.

పెద్దబాపు పోయి ఏడాది నిండినంక ఒక ఆదివారం రాజవ్వ పెద్దమ్మ లేచి నిలవడ్డది. అప్పటిదాక ఆమె మీటింగుకు వచ్చేది గాదు, తన అర్రముందట గద్దె మీద కూసోని ఇనేది. మైకు వద్దన్నది. "కొమురయ్యా, మా ఇంటాయన నీ దేవునికి మొక్కలే. పొద్దుగాల మైసమ్మకు మొక్కి లోపలికి దిగిండు. ఎవల జోలికి పోలే. ఇప్పుడు గాయిన యాడున్నడు?"

యేసుకు మొక్కనోళ్లు యాడికి పోతరని చర్చోళ్లు చెప్తరో అక్కడున్నోళ్లందరికి ఎరుకే. రాజవ్వ పెద్దమ్మకు సుత ఎరుకే. బాపు తొమ్మిదో బిళ్ల తీసి తొమ్మిదో మొలకు తగిలిచ్చిండు. మిగితా బిళ్లలు ఎక్కినయ్, దిగినయ్. తొమ్మిదోది దిగలే. ఏడు గడిచింది, రెండేండ్లు గడిచినయ్. మా లైను పిల్లలు సోడా మూతలతోటి ల్యాంపు రూం ఆట ఆడెటోళ్లు, అండ్ల నేనెప్పుడు ఓడినా, మీ బాపుకే జవాబు రాదు, నీకేం వస్తది అనెటోళ్లు. కచ్చకాయలాడినా గదే మాట, చిర్రగోనె ఆడినా గదే మాట. నాకు గా బిళ్లను చూస్తె కండ్లల్ల నిప్పులు పడ్డట్టయ్యేది.

నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు ఎండకాలం ముంగట మా కాడ మూడొద్దుల సువార్త సభలు పెట్టిన్రు. పెద్ద మైదానం, షామియానాలు, నాలుగు దిక్కుల సౌండు బాక్సులు. గసుంటి స్టేజీ మీద ఎప్పుడైనా కోస్తా దిక్కు నుంచి వచ్చిన ప్రసంగీకులే మాట్లాడేది, మాట్లాడితె పుస్తకం చదివినట్టుండేది. మొదటిసారి మా కాడి మనిషికి, ల్యాంపు రూం మనిషికి, రెండో నాడు మాపటికి అరగంట ఇస్తమన్నరు, ప్రశ్నలు జవాబులు అని కరపత్రంల బాపు పేరు సుత అచ్చేసిన్రు. బాపు గా కరపత్రం ఎన్నిసార్లు మడతవెట్టిండో మడత కాడ చినిగిపోయింది. అవ్వ తెల్లబట్ట కొని కొత్త అంగి కుట్టిచ్చింది, దాన్ని యాసిడ్ తగలకుంట పెట్టె అడుగున దాసింది. బాపు పెరట్ల గుమ్మడి తీగకు, "ప్రియమైన సహోదరులారా, మీ యొక్క ప్రశ్నలను" అనుకుంట వరుసగ వారం దినాలు మంచి తెలుగు నేర్చుకున్నడు. అప్పటికి మూడేండ్ల నుంచి ఆయన అడుగుతున్నది గా ఒక్క స్టేజీనే.

సభలకు నాలుగు రోజుల ముంగట పాస్టరయ్యగారు ఇంటికొచ్చిండు. ఆయనది గూడ కోస్తా దిక్కే. చాయ్ తాగి, గోడకు తగిలిచ్చిన మీటింగు పలక దిక్కు చూసి, "పలక తీసుకురండి యాకోబు గారూ, జనానికి బాగుంటుంది. కానీ ఆ తొమ్మిదో నంబరుతో వద్దు. అంతమంది ముందు జవాబు లేదని వేలాడదీస్తే మనల్ని ఏమనుకుంటారు? దాని జవాబు మీకు తెలుసు కదా. చెప్పి తీసేయండి" అన్నడు.

"తెలుసు అయ్యగారూ. గని రాజవ్వ వదినె మొఖం చూసుకుంట చెప్పొస్తలేదు. చెప్పరాందాన్ని తెలుసని ఎట్లనాలె?"

పాస్టరయ్యగారు కోపం చెయ్యలే. గ్లాసు కింద వెట్టి, ఆ రోజు మధ్యాహ్నం స్టేజీ మీద పలక తనే చూస్తనని, తొమ్మిదోది ఉంటె గా అరగంట ఇంకొకలకు ఇస్తమని నిమ్మలంగనే చెప్పిపోయిండు. ఆయన గడప దాటంగనె అవ్వ మొదలువెట్టింది. ఒక్క పూట తీసి మళ్ల తగిలిస్తె ఏమైతది, ఎవలు చూడొచ్చిన్రు అన్నది. "నేను చూస్తగద" అన్నడు బాపు. కొత్త అంగి మాత్రం పెట్టెల నుంచి తీసి, వాసన చూసి, మళ్ల పెట్టెలనే పెట్టిండు. నేను గది చూసిన.

సభ నాడు పొద్దుగాల బాపు డ్యూటీకి పోయిండు. పలకను చెద్దర్ల సుట్టి ఉంచుమని, శంకర్ బావ పగటీలి వచ్చి సైకిల్ మీద స్టేజీ కాడికి కొంటవోతడని అవ్వకు చెప్పిపోయిండు. బిళ్లతోటే పంపుతున్నడు, పాస్టరయ్యగారు ఏమన్నా సరే అనుకున్నట్టున్నడు. అవ్వ చెద్దరు తేనీకె లోపలికి పోయింది. నేను స్టూలెక్కిన. తొమ్మిదో బిళ్ల తీసిన. జామెట్రీ బాక్సుల కోణమానిని కింద వెట్టి మూత వెట్టిన. ఒక్క పూట, ఎవలు చూడొచ్చిన్రు. బాపు స్టేజీ ఎక్కాలె, అంతే నా మతిల ఉన్నది. బడిల గా నాడు ఏం పాఠం చెప్పిన్రో నాకు తెల్వది, బాక్సు కదిలినప్పుడల్ల అండ్ల బిళ్ల టిక్కుమంటుండె, పక్క పిల్ల ఏందే అంటె పెన్సిలు అన్న.

శంకర్ బావ పగటీలి స్టేజీ మీద చెద్దరు ఇప్పితె మొల ఖాళీగ ఉన్నది. ఆయన మామనే తీసిండనుకున్నడు. పాస్టరయ్యగారు చూసి సంతోషపడ్డడు. షామియానా కింద చాపలు పరుస్తున్న ఆడోళ్లు చూసిన్రు. బడి ఇడిసి నేను ఇంటికొచ్చేసరికి గా మాట మా లైనుకు వచ్చేసింది, రాజవ్వా నీ బిళ్ల దిగిందట, కొమురన్నకు దొరికిందట అని. పెద్దమ్మ నీళ్లు పోసుకున్నది. ఉన్నదాంట్ల మంచి చీర కట్టుకున్నది. మల్లయ్య పెద్దబాపు తువ్వాల, షిఫ్టు నుంచి వస్తె మొఖం తుడుచుకునేది, దాన్ని భుజం మీద ఏసుకోని మాకన్న ముందే నడిచిపోయింది. అప్పుడు నాకు తెలిసింది నేనేం చేసిన్నో. బాపుకు చెప్దామంటె బాపు డ్యూటీ దిగి అటుకెల్లి అటే సభకు పోయిండు, కొత్త అంగిని అవ్వ అక్కడికే పట్కపోయింది.

బాపు స్టేజీ ఎక్కిండు. అంత తెల్లటి అంగిల ఆయన్ను ఎప్పుడు చూడలే. మొదటి నాలుగు ప్రశ్నలకు మంచి తెలుగుల, తడబడుకుంట, చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వక, అయినా మంచిగనే చెప్పిండు. మీటరు ముచ్చట చెప్తె సప్పట్లు మోగినయ్, ఎనుక కూసున్న ప్రసంగీకులు సుత తలలూపిన్రు, పాస్టరయ్యగారు నవ్వుకుంట ఇటు అటు చూస్తున్నడు. నేను అవ్వ పక్కన కూసోని ఒడిల బాక్సు గట్టిగ పట్టుకున్న. ఐదో ప్రశ్నకు జవాబు రాక బాపు బిళ్ల తగిలిద్దామని పలక దిక్కు తిరిగిండు. తిరిగి, అట్లనే ఆగిండు. తొమ్మిదో మొల మీద ఏలు వెట్టిండు.

ఆయన ఇటు తిరిగేసరికి ముందు వరుసల రాజవ్వ పెద్దమ్మ నిలవడి ఉన్నది. తువ్వాల రెండు చేతులల్ల పట్టుకున్నది. ల్యాంపు రూం కిటికీ కాడ అడిగినట్టే అడిగింది.

"వచ్చిండా కొమురయ్యా?"

మైకు గుయ్‌మంటున్నది. పాస్టరయ్యగారు కుర్చీల నుంచి ముంగటికి వంగి, చెప్పండి అన్నట్టు చెయ్యి ఊపిండు. నాకు కాళ్లు ఆగలే. లేసిన, బాక్సు జారి కింద పడ్డది, కంపాసు ఒక దిక్కు, కోణమానిని ఒక దిక్కు, బిళ్ల దొర్లుకుంట పోయి చాప కాడ ఆగింది. ఏరుకొని, మంది కాళ్ల మీదికెల్లి పోయి, స్టేజీ మెట్లెక్కి బాపు చేతిల వెట్టిన. కొడతడనుకున్న. ఆయన బిళ్లను కొత్త అంగికి తుడిచి, తొమ్మిదో మొలకు తగిలిచ్చి, అది ఊగుడు ఆగేదాక పట్టుకున్నడు. నేర్చుకున్న తెలుగు అప్పుడు ఆయనకు ఒక్క ముక్క యాదికి రాలే.

"ఇంకా రాలే వదినె. పిల్ల తెల్వక తీసింది. నేనింకా డ్యూటీ దిగలే."

పెద్దమ్మ బిళ్ల దిక్కు చూసింది. తువ్వాల మడతవెట్టుకోని కూసున్నది. పాస్టరయ్యగారు వచ్చి మైకు తీసుకొని పాట ఎత్తుకున్నడు. గా స్టేజీ మీదికి గాని, ఇంకో స్టేజీ మీదికి గాని మా బాపును మళ్ల ఎవలు పిలువలే.

ఇంటికి నడుసుకుంట వచ్చినం. పలక బాపు నెత్తి మీద, బిళ్ల టిక్కు టిక్కుమంటున్నది. బాపు నన్ను తిట్టలే, "లోపల మనిషి ఉండంగ బిళ్ల తీసినోన్ని బాయిల ఉంచుకోరు బిడ్డా" అన్నడు, గంతే. తిట్టినా బాగుండు. నేను ఏడుస్తుంటె రాజవ్వ పెద్దమ్మ గా తువ్వాలతోటే నా మొఖం తుడిచి, "నీ మీద కోపం లేదు పోరీ. పగటీలి సంది మాపటి దాక నాకు మంచిగనిపించింది" అన్నది. ఇన్నేండ్లల్ల నేను ఎన్ని పుస్తకాలు చదివిన్నో గాని గా మాటకు ఏం చెప్పాల్నో ఇప్పటికీ తెల్వది.

గా తర్వాత నీళ్ల ట్యాంకు కాడి మీటింగు మాత్రం ఆగలే. చర్చోళ్లు కొందరు తగ్గిన్రు, రానోళ్లు కొందరు వచ్చిన్రు, శంకర్ బావ మైకు ఆగలే. ప్రతి ఆదివారం పలక తుడిచే పని నాది, అది శిక్షనో నౌకరినో బాపు చెప్పలే. పెద్దమ్మ అప్పటి సంది గద్దె ఇడిసి ముందుకొచ్చి కూసోబట్టింది. తన ప్రశ్న మళ్ల అడుగలే, బిళ్ల ఉన్నదో లేదో చూసుకునేది. నేను డిగ్రీకి కరీంనగర్ వచ్చేటప్పుడు బాపు కొత్తగ ఒక మూత కోసి, నంబరు కాకుంట రూతు అని నా పేరు పొడిచి, పన్నెండో మొలకు తగిలిచ్చిండు. నువ్వు సుత లోపలికే దిగుతున్నవ్ బిడ్డా, మనింట్ల ఎవలు దిగని బాయి అన్నడు.

ఇప్పుడు ల్యాంపు రూంల యాసిడ్ లేదట, కొత్త లైట్లు సన్నగ చిన్నగ ఉన్నయట, బిళ్లలు పోయినయ్, కార్డు పెడితె మిషనే లెక్క రాసుకుంటదట. బాపు రిటైరయి అంగీలకు బొక్కలు పడుడు బందయింది. బొగ్గుపొయ్యిలు పోయి గ్యాసులొచ్చినయ్, పొద్దుగాల పొగల నుంచి తేలివచ్చే పిల్లలు లేరు. మా లైను కూలగొట్టిన్రు, నీళ్ల ట్యాంకు లేదు, మీటింగు జరిగిన మైదానం మీద ఓపెన్ కాస్టు మట్టి గుట్టయి నిలవడ్డది, దాని మీద వానకు గడ్డి సుత మొలిచింది. పలక మాత్రం బాపు కట్టుకున్న రెండర్రల ఇంట్ల వంటింటి గోడకున్నది. ప్రశ్నలడిగే మంది లేరు. రాజవ్వ పెద్దమ్మ అదే గల్లీల కిరాయికుంటది, పొద్దుమీకి వచ్చి గా గోడ కిందనే కూసుంటది.

ఫోన్ కలిసింది. రాసుడు ఆపి మాట్లాడి, మళ్ల రాస్తున్న. ఎత్తింది అవ్వ, పాసైన అనంగనె గల్లీకంత ఇనవడేటట్టు చెప్పింది, ఫస్టు క్లాసు అంటె ఎందరిల ఫస్టు అని అడిగింది. తర్వాత ఫోన్ పెద్దమ్మ గుంజుకున్నది. "మస్తు సదివినవ్ గద బిడ్డా, ఇగ నువ్వన్న చెప్తవా, గాయిన యాడున్నడో?" అన్నది. నవ్వుకుంటనే అడిగింది, గని అడిగింది.

"నాకు తెల్వది పెద్దమ్మ" అన్న.

"అచ్చం నీ అయ్య తీరే. తెలుసంటె ఫోన్ పెట్టేద్దును. వచ్చేటప్పుడు జామపండ్లు తే."

ఆఖరుకు బాపు తీసుకున్నడు. ఆయన ఊపిరి ఇనవడ్డది, పలక మీద ఏలు తగిలినట్టు టిక్కుమని ఇనవడ్డది. నువ్వొచ్చేదాక తినను అన్నడు. మాపటి దాక ఆగకు, పలక ఎట్లాగూ ఖాళీ కాదు గద బాపూ, తిను అన్న.

"నీదొక్కటి తగ్గుతది గద" అన్నడు.

బస్సొచ్చింది.